చెయ్యి లేపేదాక

బోధన్ పాత బస్టాండు వెనక సందులో జహూర్ బ్యాండు దుకాణం. పెళ్లిళ్ల రోజులు కాబట్టి ఉతికిన ఎర్రకోట్లు పన్నెండూ బయట తీగమీద ఆరుతున్నాయి. జహూర్ అన్నకొడుకు ఇస్రార్, అతని చిన్ననాటి నేస్తగాడు భానుప్రసాద్ రెండేళ్ల తరువాత కలిసి, ఆ కోట్ల నీడలో రెండు స్టూళ్లు వేసుకుని కూర్చున్నారు. అరగంట గడిచింది. వచ్చిన పని చెప్పడానికి భానుకు నోరు రాలేదు, అడగడానికి ఇస్రార్‌కూ మనసొప్పలేదు.

"మెల్లగ మాట్లాడు భాను. చాచా లోపలనే ఉన్నడు."

"పండుకున్నడా?"

"లేదు. క్లారినెట్ సాపు చేస్తున్నడు. రేపు బరాత్ ఉన్నది గద."

"నేనొచ్చిన్నని చెప్పలేవా ఇస్రార్?"

"చెప్త. జర ఆగు. చెప్త."

"జహూర్ చాచాకు నా మీద గంత కోపమా?"

"నీ మీద ఎందుకు కోపం? నీ మీద ఏం లేదు."

"మరి ఎవరి మీద?"

"మెల్లగ అంటున్న గద యార్."

"ఇస్రార్! కౌన్ హై రే బాహర్?"

"కోయి నై చాచా! గిరాకీ! పెండ్లికి బ్యాండు అడుగుతున్నరు!"

"బాగుంది. నన్ను గిరాకీని చేసినవ్."

"ఏదో ఒకటి అనాలె గద. చాయ్ తాగుతవా?"

"ఇప్పుడే గద తాగింది."

"ఇంకోటి తాగు. హఫ్సా! రెండు చాయ్!"

"ఈ కండ్లద్దాలు ఎప్పటి సంది?"

"ఇవా? గిట్లనే. దుమ్ము వడ్తదని."

"దుమ్ముకు నల్లద్దాలు పెడ్తరు. ఇవి సదువుకునేటోళ్లవి."

"నేను సదువుకోవద్దా ఏంది? నా సంగతి ఇడిసిపెట్టు, నీ సంగతి చెప్పు. కారేది? ఏడ నిలవెట్టినవ్?"

"బస్సుల వచ్చిన. అందరు నిజామాబాద్ హోటల్ల ఉన్నరు. నేనొక్కన్నే బస్సెక్కిన."

"బస్సులనా! ఎవరన్న గుర్తువట్టిండ్రా?"

"ఒకామె గుర్తువట్టింది. షుగర్ ఫ్యాక్టరీ చిన్నయ్య కొడుకువు గాదా అన్నది. ఏం పని చేస్తున్నవ్ బిడ్డా అన్నది."

"నువ్వేమన్నవ్?"

"పాటలు పాడ్త అన్న. భజనలా అన్నది."

"హహ్హ! అవ్ అనకపోయినవ్!"

"అవ్ అన్న."

"మంచిగ చెప్పినవ్. పాపం, ఆమెకేం ఎరుక. నిజామాబాద్ల అంతట మీ బ్యాండు పోస్టర్లేనట గద. రైల్వే స్టేషన్ కాడ, మార్కెట్ యార్డు కాడ. పసుపు బస్తాల మీద గూడ అతికిచ్చిండ్రని మా పోరలు చెప్పిండ్రు. 'మూడో షిఫ్ట్' అని గంతగంత అక్షరాలు. గా పేరు ఎవరు పెట్టిండ్రో యాదికున్నదా?"

"నువ్వే."

"నేను గాదు, మీ బాపు. ఫ్యాక్టరీ క్వార్టర్ల మనం డ్రం కొట్టి లొల్లి చేస్తుంటె, 'ఫ్యాక్టరీ మూతవడ్డది గానీ, మీ మూడో షిఫ్ట్ మూతవడలేదార' అని తిట్టలే?"

"అవ్. తిట్లే పేరైంది."

"ఎట్లున్నడు బాపు?"

"మంచిగనే. హైదరాబాద్ల అపార్ట్‌మెంటు గేటు కాడ డ్యూటీ. 'గేటు కాడ' అని పాట రాసినవ్, నన్ను గేటు కాడనే కూసుండవెట్టినవ్ అని నవ్వుతడు. డ్యూటీ బంజెయ్యమంటె చెయ్యడు."

"నవ్వుతడా? గట్లయితె మంచిగనే ఉన్నడు."

"క్వార్టర్ సూసొచ్చిన ఇప్పుడు. మనది, పద్నాలుగో నంబర్."

"పైన రేకులు లేవు."

"ఎవరో తీస్కపోయిండ్రు. డ్రం పెట్టిన కాడ జిల్లేడు మొలిచింది."

"నాకు ఎరుకే. గది నేను పీకుత, మల్ల మొలుస్తది."

"నువ్వు పోతవా గాడికి?"

"ఐతారం ఐతారం పోత."

"ఎందుకు?"

"గిట్లనే. జరసేపు కూసుంట. వస్త."

"ఒక్కనివేనా?"

"ఇంకెవరున్నరు ర? నువ్వు గాడ, రవీందర్ గాడ. నేనొక్కన్నే. రవీందర్ ఎట్లున్నడు?"

"ఉన్నడు. వ్యాన్ ఎక్కంగనే చెవులకు పెట్టుకొని పండుకుంటడు. అందరం గంతే. నలుగురం ఒక్క వ్యాన్ల కూసుండి నాలుగు పాటలు ఇంటం."

"మాట్లాడుకోరా?"

"ఏం మాట్లాడాలె?"

"మనమైతె నిజామాబాద్ పొయ్యి వచ్చేదాక ఒక్కనిమిషం గూడ నోరు మూయకపోదుము. కండక్టర్ దింపేస్త అనేటోడు."

"ఒకసారి దింపిండు గూడ."

"ఎడపల్లి కాడ! గిటార్ నెత్తిమీద పెట్టుకొని నడిసినం! హహ్హ…"

"మెల్లగ అని నువ్వే అంటివి."

"అవ్ అవ్. సరే, చెప్పు. ఢిల్లీల మీ ప్రోగ్రాంకు ఎంతమంది వచ్చిండ్రు?"

"మస్తు."

"మస్తంటె?"

"ఆఖరోడు కనవడలే. గంతమంది."

"తెలుగు రానోళ్లు గూడ పాడ్తరట గద 'గేటు కాడ' పాట."

"పాడ్తరు. అర్థం అడుగుతరు. ఫ్యాక్టరీ మూసినంక గూడ మా బాపు రోజు టిఫిన్ పట్టుకొని గేటు కాడికి పొయ్యి నిలవడి వచ్చేటోడు అని చెప్త. 'వావ్' అంటరు."

"వావ్ అంటె మంచిదే గద."

"ఏమో."

"ఆఖర్ల దరువు గూడ ఉంటదా పాటకు?"

"ఉంటది."

"నా తావుల డ్రంకు వచ్చిన గా బెంగుళూర్ పిలగాడు ఎట్ల వాయిస్తడు?"

"మంచిగ వాయిస్తడు. అంత నీదే. నువ్వు గా హైదరాబాద్ పోటీల వాయించింది. ఒక్కో దెబ్బ, నిమిషం నలభై సెకండ్లు. వీడియో పెట్టుకొని నెల దినాలు నేర్చుకున్నడు."

"తప్పు గూడనా?"

"ఏం తప్పు?"

"నడుమల ఒకతాన నా ఎడమ చేతి పుల్ల జారింది. మల్ల పట్టుకున్న. గది గూడ వాయిస్తడా?"

"…వాయిస్తడు. కావాల్నని జారవిడుస్తడు. గది వచ్చినప్పుడే మంది బాగ అరుస్తరు."

"అచ్ఛా."

"కోపమచ్చిందా?"

"లేదు. కోపమెందుకు? నాకు చెమట వట్టి జారింది. గా పిలగానికి గూడ చెమట వడ్తదా అని ఆలోచిస్తున్న."

"ఇస్రార్, నేను వచ్చింది ఎందుకంటె… ఇగో. రేపటి మా ప్రోగ్రాం పాస్. ముందట కుర్చీ."

"రేపా? రేపు నందిపేట్ల బరాత్ ర. చెప్తిని గద."

"ఎన్ని గంటలకు?"

"పెండ్లికొడుకు గుర్రమెక్కేది ఆరింటికి."

"మాది ఏడింటికి. ఒక్కరోజు నువ్వు లేకుంటె నడవదా?"

"జనరేటర్ ఎవరు సూడాలె?"

"ఏం జనరేటర్?"

"లైట్ల బండికి. జనరేటర్ నేనే సూస్త."

"డ్రం?"

"అసద్ వాయిస్తడు. చాచా కొడుకు. యాదికున్నడా, ముక్కు కారుకుంట మన ఎంట వచ్చేటోడు. మంచిగ వాయిస్తుండు ఇప్పుడు."

"నువ్వు వాయిస్తలేవా?"

"చాయ్ వచ్చింది, తాగు."

"నువ్వు డ్రం వాయిస్తలేవా ఇస్రార్? ఎప్పటి సంది?"

ఇస్రార్ చెల్లెలు హఫ్సా చాయ్ గ్లాసులు చేతికిచ్చి, లోపలికి పోకుండా గడపలోనే నిలబడింది. ఆ పిల్ల కడుపులో మాట దాగదని ఆ సందులో అందరికీ తెలుసు.

"రెండేండ్ల సంది భాను అన్నా. ఈయన చెప్పడు, నేను చెప్త."

"హఫ్సా, నువ్వు లోపలికి పో."

"పోను భాయ్. ఎవరికో ఒకరికి చెప్పకుంటె నాకు తిన్నది అరుగుత లేదు. భాను అన్నా, గా హైదరాబాద్ పోటీ వీడియో వచ్చినప్పుడు మా గల్లీల మిఠాయి పంచిండ్రు ఎరుకేనా? పాట అయిపొయ్యింది, గిటార్ ఆగింది, మా భాయ్ మాత్రం బరాత్ల లెక్క వాయించుకుంటనే ఉన్నడు. ముందు మంది నవ్విండ్రు, మల్ల చప్పట్లు కొట్టిండ్రు, మల్ల లేచి ఎగిరిండ్రు. రవీందర్ అన్న వచ్చి రెండు చేతులు పట్టుకునేదాక ఆగలే. బోధన్ బోధనంత సంబురపడ్డది."

"ఎరుకే హఫ్సా."

"చాచా సంబురపడలే. ఒక్కసారి సూసిండు, ఫోన్ బోర్ల పెట్టిండు. పాట ఆగినంక డ్రం ఎందుకు ఆగలే అని అడిగిండు."

"హఫ్సా, బస్."

"భాయ్ ఏమన్నడు? 'భాను చెయ్యి లేపిండు చాచా, నాకే కనవడలే' అన్నడు."

"గట్లన్నడా?"

"ఉన్నదే అన్న ర. ఇంకేమనాలె?"

"మా బ్యాండ్ల కాయిదా మీకు ఎరుకే గద అన్నా. మాస్టర్ చెయ్యి లేపేదాక దరువు ఆగొద్దు. లేపినంక ఒక్క దెబ్బ ఎక్కువ వడొద్దు. పెండ్లికొడుకు దిగేటప్పుడు డ్రం మోగితె గుర్రం బెదుర్తది. మా అబ్బాజాన్ కాలు గట్లనే పోయింది, ఎవడో చెయ్యి సూడక. గందుకే చాచా ఒక్కటే మాట అన్నడు. చెయ్యి కనవడనోడు డ్రం పట్టొద్దు అన్నడు. గా దినమే డ్రం తీసి అసద్ మెడల ఏసిండు."

"గంత మాట అన్నడా?"

"తిట్టలే, కొట్టలే. గంతే అన్నడు. మల్ల గా ముచ్చటే ఎత్తడు. గీ కండ్లద్దాలు దుమ్ముకు అని చెప్పిండా మీకు?"

"హఫ్సా!"

"దుమ్ముకు గావు. నిజామాబాద్ల ఇద్దరు డాక్టర్లకు సూపెట్టుకున్నడు, నాందేడ్ పొయ్యి ఇంకొకాయినకు సూపెట్టుకున్నడు. ముగ్గురు గూడ కండ్లు మంచిగున్నయి, అద్దాలు వద్దు అన్నరు. ఇంటెగా ఈయన! దుకాణానికి పొయ్యి నంబర్ లేని ఉత్త అద్దాలు పెట్టిచ్చుకున్నడు."

"ఉత్త అద్దాలా?"

"కిటికీల ఏసే అద్దం లెక్క. నేను పెట్టుకొని సూసిన. ఎట్లున్నదట్లనే కనవడ్తది."

"హఫ్సా! పానీ లా బేటీ!"

"లాతూఁ చాచా! పోతున్న. మీరన్న చెప్పుండ్రి భాను అన్నా. నా మాట ఇనడు, డాక్టర్ల మాట ఇనడు. మీ మాటయితె ఇంటడు."

హఫ్సా లోపలికి వెళ్లిపోయింది. ఇద్దరికీ చేతుల్లో గ్లాసులున్నాయి, ఒక్కరూ గుక్క తాగలేదు.

"దీనికి నోరు శానా ఎక్కువ. మనసుల పెట్టుకోకు."

"ఎందుకు పెట్టుకున్నవ్ ర ఉత్త అద్దాలు?"

"అద్దాలు పెట్టుకుంటె… పోరని కండ్లు బాగైనయేమో అని చాచా మల్ల డ్రం ఇస్తడనుకున్న."

"ఇచ్చిండా?"

"సూసిండు. ఏం అనలే. జనరేటర్ల డీజిల్ పోసినవా అన్నడు."

"ఇస్రార్…"

"అరే, జనరేటర్ పని గూడ ఖరాబేం గాదు. బరాత్ ఆఖర్ల నడుస్త. పక్కన గది ఢుర్రుమంటనే ఉంటది. ముందట డ్రం ఎట్ల మోగుతుందో ఒక్క దెబ్బ ఇనవడది. నడుస్తుంటె నడుస్తున్నరు అనుకుంట, నిలవడితె నిలవడ్డరు అనుకుంట. ఎగిరెటోళ్లందరు ముందట్నే ఉంటరు. నా ఎనుక ఎవరు ఉండరు. మూల మీద కుక్కలు ఉంటయి. గంతమందిల పొయ్యి ఒక్కన్నే ఇంటికి వచ్చినట్టుంటది. గంతే."

"నాకు గూడ గట్లనే ఉంటది."

"నీకా? నీ ముందట గంతమంది ఉండంగ?"

"గా ఆఖరి దరువు మోగుతుంటె నిమిషం నలభై సెకండ్లు నాకు ఏం పని ఉండది. గిటార్ ఆగిపోతది. చేతులు జేబుల పెట్టుకొని నిలవడ్త. ప్రతి ఊర్ల."

"చెయ్యి లేపవా?"

"అక్కర లేదు. వాడు లెక్కవెట్టి వాయిస్తడు, లెక్క అయిపోతె ఆపుతడు."

"నీ దిక్కు సూడడా?"

"సూడడు. ఎవరు సూడరు. నన్ను సూసుకుంట వాయించేటోడివి నువ్వొక్కనివే ఉంటివి."

"గట్ల సూడకుండ ఎట్ల వాయిస్తరు ర? నాకైతె రాదు. చిన్నప్పటి సంది చాచా చేతిని సూసి వాయించుడే వచ్చు. నీతోని వాయించేటప్పుడు నీ చెయ్యి."

"రేపు రా. ఒక్కపాట. 'గేటు కాడ' ఒక్కటే."

"పాస్ ఇస్తివి గద. కుర్చీల కూసోమంటివి."

"కుర్చీల కాదు. డ్రం మీద."

"బెంగుళూర్ పిలగాడు?"

"ఎల్లిపోయిండు. వేరే పెద్ద బ్యాండుకు. మొన్న."

"అచ్ఛా. అయితె నేను గావాల్సి వచ్చినన్న మాట."

"గట్ల గాదు ర."

"గట్లనే గద."

"…అవ్. గట్లనే. గానీ గదొక్కటే గాదు. నీ పాత రికార్డు కంప్యూటర్ల పెట్టి మోగిద్దాం, ఎవరికి ఎరుకైతది అని రవీందర్ అన్నడు. నేనే వద్దన్న. నిజామాబాద్ల నిలవడి, బోధన్ పోరని దెబ్బను బోధన్ పోరడు లేకుండ మోగిస్తె, నాకే సిగ్గయితది. పొద్దుగాల బస్టాండ్‌ల నిలవడి రెండు బస్సులు ఇడిసిపెట్టిన. మూడోది ఎక్కిన."

"చాచా డ్రం ఇయ్యలే ఇంకా. ఇయ్యకుండ గాడికొచ్చి ఎట్ల వాయిస్త?"

"స్టేజీ మీద డ్రం ఉంటది."

"డ్రం సంగతి గాదు భాను. చాచా ఇయ్యాలె. ఆయిన చేత్తోని నా మెడల ఏసి, 'చల్' అనాలె. గది గానిది ఢిల్లీల వాయించినా, ఏడ వాయించినా నాకు వాయించినట్టు ఉండది."

"గంత ఇష్టమా నీకు బరాత్?"

"ఆయిన పక్కన నడుసుడు ఇష్టం. ఆరేండ్ల పోరని సంది గా తావు నాది. క్లారినెట్ ఎడమకు, డ్రం కుడికి. రెండేండ్లాయె గాడ నడువక. నేను నీకు ఒకటి చెప్పాలె. చెప్దామనే ఫోన్ చేస్త. నువ్వు ఎత్తవు. బిజీ ఉన్నవేమో అని పెట్టేస్త."

"బిజీ లేను. ఎత్తలే. గంతే."

"గదే, బిజీ. చెప్పనియ్యి జర. మాఫ్ చెయ్యి ర నన్ను."

"ఏందిర, నువ్వా? నన్నా?"

"గా దినం నా మూలంగ అందరి ముందట మీ ఇజ్జత్ పోతుండె. వీడియో మంచిగయింది గాబట్టి సరిపోయింది, లేకుంటె బ్యాండు గాడనే ఆగిపోవు. మీ మేనేజర్ మేడం నన్ను తీసేస్త అంటె, ఆమెతోని నా కోసం కొట్లాడిన అని ఫోన్ల చెప్పినవ్ సూడు, గది నేను మర్వలే. తప్పు నాది, మాటలు నువ్వు పడితివి. మాఫ్ చెయ్యి."

"ఇస్రార్, ఆపు."

"గా వీడియో ఎన్నిసార్లు సూసిన్నో నాకే లెక్క లేదు. నువ్వు అండ్ల కనవడవు. తీసినోడు నన్నొక్కన్నే తీసిండు. నా కండ్లు సూస్త నేను. నా కండ్లు నీ దిక్కే ఉన్నయి భాను. నీ దిక్కే. రెప్ప గూడ కొడ్తలేను. గంత సూసుకుంట గూడ చెయ్యి కనవడకపోవుడు ఏంది ర? గట్ల ఎవరికన్న అయితదా?"

"లైట్లు ఉన్నయి గద…"

"నువ్వు అప్పుడు గూడ గదే అన్నవ్. లైటు కండ్లల్ల వడ్డదేమో అన్నవ్. రెండుసార్లు లేపిన అన్నవ్."

"అన్న."

"రెండుసార్లు లేపినా కనవడలేదంటె, చాచా అన్నదాంట్ల తప్పేమున్నది? రేపు గుర్రం బెదిరి ఎవరన్న కింద వడితె? గందుకే నేను గూడ అడుగ. జనరేటరే మంచిగున్నది అనుకుంట."

"చాయ్ సల్లారింది."

"సల్లారనియ్యి. సరే, ఇను. నువ్వు గింత దూరం వచ్చినవ్. ఒక్కపాట అంటున్నవ్. జనరేటర్ సూడనీకె ఇంకొకన్ని అసద్ ఎంట తోలిచ్చి, చాచాకు ఏదో ఒకటి చెప్పి వస్త."

"వస్తవా?"

"వస్త. కానీ ఒకటి."

"చెప్పు."

"హఫ్సాకు నా ఎనుక ఒక స్టూలు ఎయ్యి. చీకట్లనే ఎయ్యి, ఎవరికి కనవడది. నువ్వు చెయ్యి లేపంగనే అది నా భుజం మీద కొడ్తది. గప్పుడు ఆపుత. నా కండ్లను నేను నమ్మ."

"వద్దు."

"ఒక్క స్టూలే గద భాను."

"వద్దు ర."

"అది లొల్లి చెయ్యది. నేను చెప్త దానికి. సప్పుడు చెయ్యకుండ కూసుంటది."

"వద్దంటున్న గద!"

"మెల్లగ! చాచా… ఎందుకు ర? నీకు ఇజ్జత్ తక్కువ అయితదా? మీ మేడం ఏమన్న అంటదా? గట్లయితె నేను రాను. మల్ల గదే తప్పు చేస్త."

"నువ్వు తప్పు చెయ్యలే."

"మరేంది గది?"

"గా ముగ్గురు డాక్టర్లు నిజమే చెప్పిండ్రు ర. నీ కండ్లకు ఏం గాలే."

"గట్లయితె నాకెందుకు కనవడలే?"

"నేను చెయ్యి లేపలే."

"రెండుసార్లు అంటివి గద."

"ఒక్కసారి గూడ లేపలే. గిటార్ ఆగింది. మంది నవ్విండ్రు. లేపాలె, నాకు ఎరుకే. నువ్వు నన్నే సూస్తున్నవ్, గది గూడ ఎరుకే. గానీ నువ్వు గంత మంచిగ వాయిస్తుంటివి. ఎన్నడు ముందట నిలవడి నీది ఇనలే నేను. చెయ్యి లేపితె అయిపోతది, దిగాలె, ఇంటికి పోవాలె. ఇంకో రెండు దెబ్బలు ఇందాం అనుకున్న. ఇంకో రెండు. మంది లేచిండ్రు. నాకు ఒక చెయ్యి ఉన్నదన్న సంగతే మర్సిన. రవీందర్ వచ్చి నిన్ను పట్టుకునేదాక గట్లనే నిలవడ్డ."

"గది నాకెందుకు చెప్పలే?"

"దిగంగనే మేడం అడిగింది, ఎవరి తప్పు అని. కోపంల ఉన్నది. నా నోట్లె నీ పేరే వచ్చింది. వానికి చెయ్యి కనవడలే అన్న. నిన్ను తీసేస్త అంటె నేనేం కొట్లాడలే ర. ఒక్క మాట గూడ అనలే. మల్ల వీడియో నడిసింది, ఊర్లు తిరుగుడు అయింది… రోజు రేపు చెప్త అనుకున్న. నీ ఫోన్ వస్తె బోర్ల పెట్టేటోన్ని. నువ్వు గీ అద్దాలు పెట్టుకొని కూసున్నవని నాకేం ఎరుక ర…"

"అంటె నేను సూసిన."

"సూసినవ్. నువ్వు సూస్తనే ఉన్నవ్. మాఫ్ చెయ్యి ఇస్రార్. నీ కాళ్లు—"

"కాళ్లు ఇడిసిపెట్టు. గింత మెల్లగ ఎందుకు చెప్తున్నవ్?"

"నువ్వే అంటివి గద. చాచా లోపలనే ఉన్నడని."

"మల్ల చెప్పు."

"మాఫ్ చెయ్యి ర…"

"మాఫీ ముచ్చట తర్వాత. ముందుగాల గా చెయ్యి ముచ్చట చెప్పు. గట్టిగ చెప్పు భాను, లోపల చాచాకు ఇనవడాలె."